సంచి పెడితే నంబర్ పెట్టినట్టు కాదా?

ధర్మాబాద్ కోడలు:
మా అమ్మగారి ఊరు నిజామాబాద్ వైపు. పెళ్లయి మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్ వచ్చి ఆరేళ్లయింది. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. అన్నీ అలవాటయ్యాయి కానీ ఇక్కడి లైన్ల పద్ధతి మాత్రం అంతుపట్టలేదు.

మొన్న సోమవారం ఇక్కడి ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే లాడకీ బహీణ్ పథకం 1500 రూపాయలు తీసుకోవడానికి అత్తమ్మని బ్యాంకుకు తీసుకెళ్లాను. పొద్దున ఎనిమిదికే మా ముందు పదకొండు మంది ఉన్నారు. అత్తమ్మకు 62 ఏళ్లు, మోకాళ్లు అరిగాయి, పది నిమిషాలు కూడా నిలబడలేదు. లైన్‌లో మా గుడ్డసంచి పెట్టి, గాలికి ఎగిరిపోకుండా దానిమీద రాయి పెట్టి, ఇద్దరం వేపచెట్టు కింద కూర్చున్నాం. మా అమ్మగారి ఊళ్లో రేషన్ షాపు ముందు సంచులు, చెప్పులు ఇలాగే వరుసగా ఉంటాయి. వాటిని ఎవరూ ముట్టుకోరు.

షట్టర్ లేచాక వెళ్లి చూస్తే మా సంచి గోడ వారన పడుంది. మా చోట్లో ఉన్నావిడ "పిశవీలా నంబర్ నస్తో, మాణసాలా అస్తో" అంది. సంచికి నంబర్ ఉండదు, మనిషికే ఉంటుందని. మామూలుగానే అంది, కానీ అందరి ముందు అత్తమ్మ మొహం చిన్నబోయింది. మళ్లీ చివరికి పోయి నిలబడ్డాం. ఇల్లు చేరేసరికి రెండు దాటింది.

నిలబడలేని పెద్దవాళ్లు ఇక్కడ నంబర్ ఎలా పెట్టుకోవాలి?

బిలోలి రైతు:
అక్కా, ఇక్కడ నోటిమాట చెల్లుతుంది. వెళ్లగానే "శేవటీ కోణ్ ఆహే?" అని అడగండి, చివర ఎవరని. చివర ఉన్నవాళ్లు చెయ్యెత్తుతారు. "తుమ్‌చ్యా మాగే మాఝా నంబర్" అని, అంటే మీ వెనక నా నంబర్ అని చెప్పి వాళ్ల మొహం గుర్తుపెట్టుకోండి. మీ వెనక వచ్చినవాళ్లకు మీరూ చెయ్యెత్తి చూపించాలి, అది మర్చిపోతే గొడవే. ఆ తర్వాత చెట్టు కింద కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు.

నిర్మల్ అన్న:
చెల్లె, సంచి తీసేయడం తప్పే. 2025 వానాకాలంలో యూరియా కోసం మేం తెల్లారకముందే చెప్పులు పెట్టాం. అన్నీ ఒకే రకం రబ్బరు చెప్పులు, గుర్తు కోసం నా ఎడమ చెప్పుకు నీలం దారం కట్టుకున్నా. ఎండలో మనిషి ఎంతసేపని నిలబడతాడు? చెప్పులు ఉన్నాయంటే మనిషి ఆ చుట్టుపక్కలే ఉన్నట్టు లెక్క. ఒకరి చెప్పు ఇంకొకరు జరిపితే ఊరంతా ఊరుకోదు.

దేగ్లూర్ అబ్బాయి:
బిలోలి అన్న చెప్పిన పద్ధతి స్పెయిన్‌లోనూ ఉంది. నేను రెండేళ్లు మాడ్రిడ్‌లో పనిచేశాను. చేపల కొట్టుకు పోయినవాళ్లు "కియెన్ ఎస్ ఎల్ ఉల్తిమో?" అంటారు, చివర ఎవరని. ఎవరో ఒకరు "నేను" అంటారు. ఇక వరుసలో నిలబడక్కర్లేదు, ఎవరి తర్వాత మనమో తెలిస్తే చాలు. మా అమ్మ దేగ్లూర్ బజార్‌లో అడిగేదే అక్కడా వినగానే ఇల్లు గుర్తొచ్చింది.

ధర్మాబాద్ కోడలు:
అందరికీ థాంక్స్. ఈ రోజు దవాఖానలో అత్తమ్మే ముందుగా "శేవటీ కోణ్?" అని అడిగింది. ఒక కుర్రాడు చెయ్యెత్తాడు. వెళ్లి బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి వెనకావిడే వచ్చి "మావశీ, తుమ్‌చా నంబర్ ఆలా" అని భుజం తట్టి లేపింది, పిన్నీ మీ నంబర్ వచ్చిందని.

కానీ నిర్మల్ అన్నా, మీరన్న మాట నాకూ నిజమే అనిపిస్తుంది. ఆ రోజు సంచి తీసేముందు "ఇది ఎవరిది?" అని ఒక్క కేక వేయాల్సింది. వేపచెట్టు పది అడుగుల దూరంలోనే ఉంది.