శంఖాకార చెట్ల అడవుల్ని పలచన చేయాలా, వదిలేయాలా?

ఆకుపచ్చదారి:
కాలిఫోర్నియాలో 2010–2017 మధ్య సుమారు 12.9 కోట్ల చెట్లు చచ్చిపోయాయి. ఎక్కువ భాగం పైన్, ఫర్ లాంటి శంఖాకార వృక్షాలే. అందరూ కరువునే తప్పుపడతారు. కరువు నిజమే, కానీ చెట్లు అంత ఒత్తుగా ఎందుకున్నాయో కూడా అడగాలి కదా.

పాండెరోసా పైన్ అడవుల్లో ఒకప్పుడు అయిదు నుంచి ఇరవై ఏళ్లకోసారి నేల మీద చిన్న మంట పాకేది. రాలిన సూది ఆకులూ చిన్న మొక్కలూ కాలిపోయేవి, బెరడు మందంగా ఉన్న పెద్ద చెట్లు నిలబడేవి. 1910 నాటి పెద్ద కార్చిచ్చు తర్వాత అమెరికా అటవీ శాఖ ప్రతి మంటనూ ఆర్పడం మొదలుపెట్టింది. 1935లో అయితే, కనిపించిన మంట మర్నాడు ఉదయం 10 గంటలకల్లా అదుపులోకి రావాలని నియమమే పెట్టారు. దాంతో పెద్ద చెట్ల కింద నీడలో ఫర్ మొక్కలు కిక్కిరిసి పెరిగాయి. ఇప్పుడు నేల మంట వాటిని పట్టుకుని నిచ్చెన ఎక్కినట్టు పైకొమ్మలకు చేరుతుంది.

ఇది మనిషి చేసిన మార్పు. సరిచేసే బాధ్యత కూడా మనిషిదే. చిన్న చెట్లు తీసేసి అడవిని పలచన చేయాలి, ఆ తర్వాత అదుపులో మంట పెట్టాలి.

కొండగాలి:
"సరిచేయడం" అన్న పేరుతోనే చాలా అడవులు పాడయ్యాయండి. జర్మనీలోని బవేరియన్ ఫారెస్ట్ నేషనల్ పార్క్ చూడండి. 1983లో గాలివాన పడగొట్టిన స్ప్రూస్ అనే శంఖాకార చెట్లను అక్కడ ఎత్తకుండా వదిలేశారు. 1990లలో బెరడు పురుగు విజృంభించి వేల హెక్టార్లలో చెట్లు నిలువునా ఎండిపోయాయి. అడవిని చంపేశారంటూ చుట్టుపక్కల వాళ్లు కోపంతో ఊగిపోయారు. ఆ ఎండు మానుల మధ్యనే ఎవరూ నాటకుండా కొత్త స్ప్రూస్ మొలిచింది, అదీ రకరకాల వయసుల్లో. ఎండు కలప మీద బతికే అరుదైన పురుగులూ శిలీంధ్రాలూ తిరిగొచ్చాయి.

1988లో అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్క్ కాలినప్పుడూ ఇలాంటి గగ్గోలే. అక్కడి లాడ్జ్‌పోల్ పైన్‌లో చాలా చెట్ల కాయలు వేడి తగిలితేనే విచ్చుకుంటాయి. మంట ఆరాక పిల్ల పైన్లు గుబురుగా వచ్చాయి. ఇక అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో 2002 నాటి బిస్కిట్ కార్చిచ్చు తర్వాత కాలిన చెట్లను నరికి తీసుకెళ్లిన చోట, సహజంగా మొలిచిన మొక్కలు 71 శాతం తగ్గాయని 2006లో పరిశోధకులు చూపించారు.

ఆకుపచ్చదారి:
కొండగాలి గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే, కానీ చెట్టు రకం వేరు. లాడ్జ్‌పోల్ అడవి వందేళ్లకో మూడొందల ఏళ్లకో ఒకసారి మొత్తంగా కాలి మళ్లీ పుట్టే రకం. దాన్ని పలచన చేయమని నేను అనలేదు. పాండెరోసాకు అలా వేడికి విచ్చుకునే కాయలు లేవు. పెద్ద చెట్లు పోతే విత్తనమూ పోతుంది.

బవేరియా పర్వతాల్లో స్ప్రూస్ సహజంగా పెరిగేదే. అదే స్ప్రూస్‌ను కలప కోసం జర్మనీ పల్లపు నేలల్లో వరసలుగా నాటారు. 2018 నుంచి 2021 మొదటి నెలల వరకు ఆ దేశం సుమారు 5 లక్షల హెక్టార్ల చెట్లు కోల్పోయింది. అలా నాటిన తోటను "వదిలేద్దాం" అనడానికి అది మొదట్నుంచీ అడవి కాదు.

పొడినేల:
లోపల ఏం జరుగుతుందో చెబితే ఇద్దరి వాదనా ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది. నేల ఎండితే చెట్టు ఆకు రంధ్రాలు మూసుకుంటుంది. నీరు ఆదా అవుతుంది, ఆహారం తయారీ పడిపోతుంది. ఆహారం లేకపోతే రెజిన్, అంటే చెట్టు జిగురు, తగ్గుతుంది. బెరడు తొలిచే పురుగును ముంచి బయటికి నెట్టేది ఆ జిగురే. పైగా వేసవి వేడిగా, పొడుగ్గా ఉంటే స్ప్రూస్ బెరడు పురుగు ఒకే ఏడాదిలో రెండు, ఒక్కోసారి మూడు తరాలు పెడుతుంది.

పలచన చేస్తే మిగిలిన చెట్టుకు నీటి వాటా పెరుగుతుంది, రెజిన్ కూడా. కాకపోతే ఆ లాభం శాశ్వతం కాదు. కొన్నేళ్లకు మిగిలిన చెట్లు కొమ్మల పందిరి పెంచుకుని ఆ నీరంతా తాగేస్తాయి, మళ్లీ పలచన చేయాల్సిందే. స్ప్రూస్ వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి ఒక్కసారే ఎక్కువ తీసేస్తే గాలికి పడిపోతాయి.

పురుగు సంఖ్య పేలిపోయాక పలచనతో పెద్దగా పని జరగదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పైన్ బెరడు పురుగు 1.8 కోట్ల హెక్టార్లకు పైగా తాకింది. దాన్ని ఏటా తగ్గించే గడ్డకట్టే చలి రాకపోవడం అక్కడ పెద్ద కారణం. ఆ చలిని ఏ అటవీ శాఖా తేలేదు.

తడిమన్ను:
మంట పెట్టమని చెప్పడం తేలికే. 2000లో అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో నేషనల్ పార్క్ వాళ్లు పెట్టిన మంటే చెయ్యి దాటి లాస్ అలమోస్ పట్టణంలో వందల ఇళ్లను కాల్చింది. 2022లో అదే రాష్ట్రంలో మళ్లీ అటవీ శాఖ మంటల నుంచే ఆ రాష్ట్ర చరిత్రలో అతిపెద్ద కార్చిచ్చు పుట్టింది. ఇల్లు పోయినవాళ్లకి ఏం సమాధానం చెబుతారు?

ఆకుపచ్చదారి:
వాళ్లకి పూర్తి పరిహారం ఇవ్వాలి, గాలీ తేమా సరిగ్గా లేని రోజున మంట పెట్టిన అధికారిని జవాబు అడగాలి. అయినా మంట పెట్టకపోవడం వల్ల పోయినవీ లెక్కలోకి రావాలి. 2020, 2021 కార్చిచ్చుల్లో ప్రపంచంలోని పెద్ద సెకోయాల్లో (కాలిఫోర్నియాలో పెరిగే భారీ శంఖాకార చెట్లు) 13 నుంచి 19 శాతం పోయాయని అంచనా. వేల ఏళ్లు బతికిన చెట్లవి. అక్కడి యోసెమిటీ నేషనల్ పార్క్‌లోని మారిపోసా సెకోయా తోపులో దశాబ్దాలుగా అదుపు మంటలు పెడుతూ వచ్చారు. 2022లో కార్చిచ్చు అక్కడిదాకా వచ్చినా పెద్ద సెకోయాలు నిలబడ్డాయి.

కొండగాలి:
సెకోయా తోపుల్లో మంటకు నేను అడ్డు చెప్పను. నా భయం రంపం గురించి. చిన్న చెట్టుకు కలప ధర రాదు. ఆ పని ఖర్చును అమ్మిన కలపతోనే పూడ్చుకోవాలంటే, కాంట్రాక్టరు చెయ్యి లావు చెట్టు మీదికే పోతుంది. అంటే మంటను తట్టుకునే చెట్టే ముందు పోతుంది. నరికిన కొమ్మల్ని అక్కడే వదిలేస్తే తర్వాతి మంట ఇంకా తీవ్రంగా మండుతుంది. ఏ లావు దాటిన చెట్టును ముట్టుకోకూడదో ముందే రాసిపెట్టి, కొమ్మలు కాల్చడానికి డబ్బు విడిగా ఇస్తేనే పలచనకు ఒప్పుకుంటాను.

పొడినేల:
ఆ షరతు నాకూ సమ్మతమే. దానికి ఇంకొకటి కలపండి. పాండెరోసా విత్తనం చాలావరకు తల్లిచెట్టుకు వంద, రెండొందల మీటర్ల లోపే పడుతుంది. అంతకంటే వెడల్పుగా చెట్లన్నీ చచ్చిన చోట, ఇప్పటి వేడికి మొలక నిలవక పొదలే పాతుకుంటున్నాయి. అలాంటి మచ్చల నడుమ నాటక తప్పదు. అయితే అదే కొండ విత్తనం నాటాలా, ఇంకాస్త కింద వేడిలో పెరిగిన చెట్ల విత్తనం తెచ్చి నాటాలా? నా ఓటు రెండోదానికి. కొండగాలి గారు ఒప్పుకోరని తెలుసు, కారణం వినాలనుంది.