ఫోటో ఉండగా మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి బొమ్మ వేయడం ఎందుకు?

రెండేళ్లుగా ఫోటోలు చూసి పోర్ట్రెయిట్లు వేస్తున్నాను, పోలికలు బాగానే వస్తాయి. మొన్న మొదటిసారి తాతయ్యను కుర్చీలో కూర్చోబెట్టి రెండు గంటలు ఆయిల్‌ కలర్స్‌తో వేశాను. పోలిక సరిగ్గా కుదరలేదు, ఎడమ కన్ను కిందికి జారినట్టు వచ్చింది, మధ్యలో ఆయన కాసేపు కునుకు కూడా తీశారు. అయినా ఇంట్లో అందరూ ఆ బొమ్మ దగ్గరే ఆగిపోతున్నారు, ఆయనదే ఫోటో చూసి నీట్‌గా వేసిన బొమ్మను ఎవరూ పట్టించుకోవట్లేదు. ఇది తాతయ్య మీద ప్రేమేనా, ఎదురుగా చూసి వేయడంలో నిజంగా ఏమైనా ఉందా?

జవాబు:
ఉందండీ. ఫోటోలో నీడలు చాలాసార్లు నల్లటి ముద్దలా వస్తాయి. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు గడ్డం కింద నీడను చూడండి, వేసుకున్నది ఎర్ర చొక్కా అయితే ఆ ఎరుపు దవడ కింద తెలుస్తుంది. పైగా ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, దాన్ని నమ్మి వేస్తే ఆ తప్పు బొమ్మలోకీ వచ్చేస్తుంది.

జవాబు:
రంగుల సంగతి నిజమే కానీ నాకు అసలు విషయం టైమ్. ఫోటో సెకనులో 125వ వంతులో అయిపోతుంది. కూర్చున్న మనిషికి మొదటి పది నిమిషాలు ఫోటోకి పెట్టే మొహమే ఉంటుంది, తర్వాత పెదవుల బిగువు సడలుతుంది, భుజాలు దిగుతాయి, ఏదో గుర్తొచ్చి చూపు ఎటో పోతుంది, మనం ఇవన్నీ చూస్తూ ఒకే మొహంలో పెడతాం. 2002లో బ్రిటిష్ చిత్రకారుడు లూసియన్ ఫ్రాయిడ్ బొమ్మ వేస్తుంటే, మరో చిత్రకారుడు డేవిడ్ హాక్నీ ఆయన ఎదురుగా వంద గంటలకు పైగా కూర్చున్నాడు. తిరిగి హాక్నీ వేసినప్పుడు ఫ్రాయిడ్ కూర్చున్నది కొద్ది గంటలే! మీ తాతగారి కునుకు కూడా ఆ బొమ్మలో ఎక్కడో ఉండే ఉంటుంది, మీవాళ్లు చూస్తున్నది దాన్నేనేమో.

జవాబు:
నేను ఫోటోలు తీస్తాను. మంచి ఫోటోగ్రాఫర్ కూడా గంటసేపు కబుర్లు చెప్పి, ఆ బిగువు పోయాకే క్లిక్ కొడతాడు. కుదురుగా కూర్చోలేని పసిపిల్లల విషయంలో అయితే కెమెరాకే నా ఓటు. కానీ ఎంత ఆగినా చివరికి నేను ఒక్క క్షణాన్నే ఎంచుకోవాలి, మీకు ఆ ఇబ్బంది లేదు.

జవాబు:
మళ్లీ వేసేటప్పుడు కుర్చీ కాళ్ల చుట్టూ, ఆయన పాదాల చుట్టూ నేల మీద టేపు అంటించండి, లేచి వచ్చాక మళ్లీ అదే చోట కూర్చోవచ్చు. ఇరవై నిమిషాలకోసారి లేవనివ్వండి. పెద్దాయన కదా, నడుము పట్టేస్తుంది. కన్ను జారిందన్నారు, బొమ్మను ఒకసారి అద్దంలో చూడండి, తప్పు ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్సండీ. అద్దంలో చూశాను. ఎడమ కన్ను సరిగ్గానే ఉంది, కుడి కన్నే పైకి వేశాను. కునుకు తీసి లేచాక ఆయన తల కాస్త ఒరిగింది, అప్పుడు వేసిన కన్ను అది. దాన్ని దిద్దబుద్ధి కావట్లేదు. ఆదివారం మళ్లీ కూర్చుంటానన్నారు, కొత్త కాన్వాస్ తీస్తున్నాను.