గేటు దారిలో నలిగిన ఆర్టిఫిషియల్ గడ్డి: మొత్తం పీకేయాలా, అతుకు వేస్తే సరిపోతుందా?

ఎల్‌బీనగర్_పెరడు:
మా ముందు పెరడు 13 × 20 అడుగులు. కింద మట్టి, దానిమీద క్రషర్ డస్ట్ (రాతిపొడి), పైన 40 ఎంఎం పోచ ఎత్తున్న గడ్డి. రెండు మీటర్ల వెడల్పు రోల్స్ రెండు పక్కపక్కన వేశారు. వేసి నాలుగేళ్లవుతోంది. ఇప్పుడు నాలుగు సమస్యలు:

గేటు నుంచి మెట్ల దాకా మూడడుగుల దారిలో గడ్డి పడుకుండిపోయింది. మధ్య అతుకు ఆరడుగుల మేర విచ్చుకుంది, సందు వేలి వెడల్పు ఉంటుంది. మెట్ల దగ్గర, మిద్దె మీది వాననీటి గొట్టం పడేచోట, గుంట పడింది. చిచ్చుబుడ్డి కాలిన అరచేయంత మచ్చ ఒకటి. మిగతా గడ్డి బాగానే ఉంది. పనివాళ్లు మొత్తం మార్చాలంటున్నారు. నిజంగా అవసరమా?

గడ్డి_మేస్త్రి:
మొత్తం మార్చే పని లేదండీ. కానీ వరస తప్పితే చేసినదే మళ్లీ చేయాలి. ముందు గుంట, తర్వాత అతుకు, మచ్చ, చివరికి దారి.

దారిలో గడ్డి పడుకుందా, అరిగిందా అన్నది మొదట తేల్చుకోండి. పోచల్ని వేళ్లతో విడదీసి చూడండి. కొసలు చీలి పీచులా ఉన్నా, చేత్తో లాగితే కుచ్చులు ఊడివస్తున్నా ఆ ముక్క పనైపోయినట్టే, మార్చాలి. పోచ నిండుగా ఉండి వంగిందంటే లేస్తుంది. గట్టి నైలాన్ పళ్ల బ్రష్‌తో వాలుకు ఎదురుగా దువ్వండి. ఇనప తీగల బ్రష్ వద్దు, పోచను చీలుస్తుంది. హెయిర్ డ్రయ్యర్, హీట్ గన్ అసలు వద్దు. ఈ పోచలు ఎక్కువగా పాలిథిలిన్‌వి, వేడి కాస్త ఎక్కువైతే ముడుచుకుని ముద్దవుతాయి.

లేచిన పోచ నిలబడాలంటే మొదళ్ల దగ్గర ఇసుక కావాలి. బాగా ఎండిన 20–40 మెష్ (రేణువు సైజు చెప్పే జల్లెడ నంబరు) సిలికా ఇసుక, చదరపు మీటరుకు 5 కిలోలు. మీ దారి 60 చదరపు అడుగులు, అంటే 28 కిలోలు. ఒకేసారి గుమ్మరించకండి. మూడు విడతలుగా పలచగా చల్లి ప్రతిసారీ దువ్వండి. గడ్డీ ఇసుకా రెండూ పొడిగా ఉండాలి, లేకపోతే ఇసుక కిందికి దిగకుండా పోచల మీదే కూర్చుంటుంది. ఇంటి పనికి తెచ్చిన ఇసుక వేయకండి, అందులోని ఒండ్రు బ్యాకింగ్ (పోచల్ని కుట్టిన అడుగు పొర) రంధ్రాల్ని మూసేస్తుంది. ఆ తర్వాత వానకు నీళ్లు నిలిచి వాసన మొదలవుతుంది.

సివిల్_బాబాయి:
గుంటకు కారణం మీరే చెప్పారు, ఆ గొట్టం. మిద్దె నీళ్లన్నీ ఒకేచోట పడి క్రషర్ డస్ట్‌ని కోసుకుపోతున్నాయి. గొట్టానికి బెండ్ వేసి నీళ్లను కాలువలోకి మళ్లించకపోతే ఎన్నిసార్లు పూడ్చినా వానాకాలానికి మళ్లీ దిగుతుంది.

తర్వాత మేకులు తీసి గడ్డిని గుంట దాటి మూడడుగుల దాకా వెనక్కి చుట్టండి. పాత డస్ట్ పైపొరను అంగుళం లోతు గీరి వదులు చేయండి. గట్టిపడినదాని మీద కొత్తది పోస్తే పట్టు దొరకదు, పెచ్చులా విడిపోతుంది. రెండంగుళాలకు మించకుండా పొర వేసి, నీళ్లు చిలకరించి, దిమ్మిసతో కొట్టి, ఆపైన రెండో పొర. ఆరడుగుల మట్టపు చెక్క పెట్టి చూసుకోండి. ఇంటి నుంచి బయటికి పదడుగులకు అంగుళంపావు వాటం చాలు. గమ్ పని ఇది పూర్తిగా ఆరాకే.

గడ్డి_మేస్త్రి:
ఇక అతుకు. సందు అర అంగుళం లోపే ఉంటే, రెండువైపులా రెండేసి అడుగుల మేర ఇసుక తీసేసి లాగితే దగ్గరికి వస్తుంది. ఇసుక బరువు మీదుంటే కదలదు. అంతకన్నా ఎక్కువుంటే అడుగు వెడల్పు ముక్క మధ్యలో చేర్చండి. రెండు మూడు కుట్టు వరసల (వెనకవైపు కనబడే పోచల కుట్ల) సన్నని పీలిక పెడితే అది నిలవదు.

అంచు శుభ్రంగా లేకపోతే ఒక వరస కోసేయండి. కత్తి ఎప్పుడూ వెనకవైపు నుంచి, రెండు కుట్టు వరసల మధ్య. కుట్టు మీద పడితే ఆ వరస మొత్తం ఊడుతుంది. 30 సెం.మీ. సీమ్ టేప్‌ను (అతుకు కింద వేసే పట్టీ) సగం అటు, సగం ఇటు వచ్చేలా పరిచి, రెండు భాగాలు కలిపి వాడే పీయూ (పాలీయురెథేన్) గమ్‌ను పళ్ల తాపీతో పట్టించండి. మీటరుకు అరకిలో లెక్కన మీకు రెండు కిలోల డబ్బా మచ్చకు కూడా సరిపోతుంది. కలిపే పాళ్లు డబ్బా మీద ఉన్నట్టే. ఎండలో త్వరగా బిగుస్తుంది కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టండి. బ్యాకింగ్ తడిగా ఉంటే పీయూ నురగొచ్చి పట్టు పోతుంది. రెండంచుల మధ్య ఖాళీ కుట్టు వరసల మధ్య ఉన్నంతే ఉండాలి. ఆనించేస్తే గట్టులా లేస్తుంది. ఇరుక్కున్న పోచల్ని స్క్రూడ్రైవర్‌తో పైకి తీసి, ఇసుక మూటలు బరువు పెట్టి ఒకరోజు తొక్కకండి. చెప్పులకు వాడే పసుపు గమ్, గ్లూ గన్ రెండూ ఎండకు మెత్తబడతాయి.

ఎల్‌బీనగర్_పెరడు:
మచ్చకు కొత్త ముక్క కొంటే రంగు కలుస్తుందా?

పచ్చిక:
కలవదండీ. అదే మోడల్ దొరికినా నాలుగేళ్ల ఎండకు పాతది వెలిసి ఉంటుంది. పూలకుండీల వెనకో, గోడ మూలనో అంతే ఎండ తిన్న పాత గడ్డి నుంచి ముక్క తీసి మచ్చలో పెట్టండి, కొత్తది ఆ మూలకు వేయండి. కుండీ కింద నీడలో ఉన్నది మాత్రం తీయకండి, అది వెలవకుండా ముదురుగా ఉంటుంది.

కాలినచోటు గుండ్రంగా కాకుండా చతురస్రంగా కోయండి. కోసిన ముక్కనే అచ్చుగా పెట్టి కొత్తది గీసుకోండి. కోయకముందే రెంటి వెనకా పోచ వాలే దిక్కుకు మార్కర్‌తో బాణం గుర్తు వేయండి. దిక్కు తిరగబడితే రంగు ఒకటైనా దూరం నుంచి వేరే పచ్చలా కనబడుతుంది. టేప్ రంధ్రానికి నాలుగువైపులా పాత గడ్డి కిందికి నాలుగంగుళాలు వెళ్లాలి.

ఇంకోటి. ఎదురింటి అద్దాల మీద పడ్డ ఎండ మీ గడ్డి మీదికి మళ్లుతోందేమో చూడండి. చిచ్చుబుడ్డి మచ్చ గుండ్రంగా, మధ్యలో నల్లగా ఉంటుంది. అద్దం వేడి అయితే నలుపు లేకుండా పోచలు చారలా ముడుచుకుంటాయి. అదే అయితే ఆ ఎదురింటి కిటికీకి బయట షేడ్ నెట్ పడ్డాకే అతుకు వేయండి.