బిల్ బెర్రీ వెళ్ళిపోయాక ఆర్.ఇ.ఎం. కొనసాగడం సరైనదేనా?

పాత క్యాసెట్:
ఈ ప్రశ్న చాలా ఏళ్ళుగా నన్ను వదలడం లేదు. ఇక్కడ ఆర్.ఇ.ఎం. వినేవాళ్ళు కొందరున్నారు కాబట్టి అడుగుతున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. 1997 అక్టోబరులో డ్రమ్మర్ బిల్ బెర్రీ తప్పుకున్న రోజే ఆ పేరుకు స్వస్తి చెప్పాల్సింది.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అని ఒక యూనివర్సిటీ ఊరు. అక్కడ పుట్టిన రాక్ బ్యాండ్ ఆర్.ఇ.ఎం. పాడేది మైకేల్ స్టైప్, గిటార్ పీటర్ బక్, బేస్ మైక్ మిల్స్, డ్రమ్స్ బెర్రీ. 1980 ఏప్రిల్ 5న, పూజలు ఆగిపోయిన ఒక పాత చర్చిలో స్నేహితురాలి పుట్టినరోజు పార్టీకి నలుగురూ కలిసి మొదటిసారి వాయించారు. 1983లో వచ్చిన తొలి ఆల్బమ్ ‘మర్మర్’ను రోలింగ్ స్టోన్ పత్రిక విమర్శకులు ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా ఎంచారు. ‘థ్రిల్లర్’తో మైకేల్ జాక్సన్ ప్రపంచాన్ని ఏలుతున్న ఏడాది అది. కాలేజీ రేడియోలు, చిన్న క్లబ్బులు, వ్యాన్‌లో ఊరూరా తిరుగుళ్ళు, ఏడాదికో ఆల్బమ్. ఐ.ఆర్.ఎస్. అనే చిన్న కంపెనీలో ఐదు ఆల్బమ్‌లు చేసి 1988లో వార్నర్ అనే పెద్ద కంపెనీకి మారారు. 1991లో ‘ఔట్ ఆఫ్ టైమ్’, మరుసటి ఏడు ‘ఆటోమేటిక్ ఫర్ ద పీపుల్’. ఆ రెండింటితో ప్రపంచమంతా ఎరిగిన బ్యాండ్ అయ్యారు.

నా వాదనకు మూలం ఒక్కటే. మొదటి నుంచీ ప్రతి పాట కిందా నలుగురి పేర్లూ వేసుకున్నారు. బెర్రీ, బక్, మిల్స్, స్టైప్. ఎవరు ఏది కట్టారో బయటికి చెప్పలేదు, డబ్బూ సమానంగానే పంచుకున్నారు. నలుగురిలో ఒక్కరు వద్దంటే ఆ పని జరిగేది కాదు. ఒకరు తప్పుకుంటే మేం ఆర్.ఇ.ఎం. కామని వాళ్ళే అనేవాళ్ళు. అలా నడిచిన బ్యాండ్‌లో ఒకరు పోతే పోయేది నాలుగో వంతు కాదు. తర్వాత పధ్నాలుగేళ్ళు వచ్చిన సంగీతాన్ని నేను ద్వేషించను. కానీ ఆ పేరు మీద రాకూడదు.

ఓరుగల్లు డ్రమ్స్:
అన్నా, నేను డ్రమ్స్ వాయిస్త. బెర్రీ మీద నీకున్న ప్రేమ నాక్కూడ ఉన్నది. ఆయన తన మీద చూపు పడనియ్యకుంట పాటను నడిపే రకం. పనికిరాని దెబ్బ ఒక్కటి కొట్టడు. వెనక నుంచి పాడతడు, పియానో వాయిస్తడు. మొదటి ఆల్బమ్‌ల ‘పర్ఫెక్ట్ సర్కిల్’కు సంగీతం ముఖ్యంగ ఆయనదే.

అయితే ఒక్క సంగతి. జనాలు కంటనీరు పెట్టుకునే ‘ఎవ్రీబడీ హర్ట్స్’ ఉన్నది గదా, దానికి మూలం కూడ బెర్రీనే. ఆ పాటల ఆయన డ్రమ్స్ వాయించలే. అండ్ల వినపడేది డ్రమ్ మెషీన్. 1992ల, బెర్రీ ఆ గదిల ఉండంగనే, డ్రమ్మర్ లేకుంట పాట నడుస్తదని ఆయనే చూపించిండు. మరి ఆయన పోయినంక 1998ల వచ్చిన తొలి ఆల్బమ్ ‘అప్’ను మెషీన్లు వాడిండ్రని కొందరు తప్పుపట్టుడు నాకు అర్థం కాదు.

లెక్కల మాస్టారు:
సంగీతం సంగతి అలా ఉంచండి. అసలు విషయం ఒప్పందం.

1988 నాటి మొదటి వార్నర్ ఒప్పందం 1996లో ‘న్యూ అడ్వెంచర్స్ ఇన్ హై-ఫై’తో తీరిపోయింది. అదే ఏడు మళ్ళీ సంతకం పెట్టారు. ఐదు ఆల్బమ్‌లకు ఎనిమిది కోట్ల డాలర్లని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. అంత పెద్ద ఒప్పందం అంతకుముందు లేదన్నారు. సంతకం పెట్టిన ఏడాదికి బెర్రీ వెళ్ళిపోయాడు. ఇక లెక్క చూడండి. ‘అప్’ 1998, ‘రివీల్’ 2001, ‘అరౌండ్ ద సన్’ 2004, ‘యాక్సిలరేట్’ 2008, ‘కొలాప్స్ ఇంటూ నౌ’ 2011 మార్చి. ఐదూ అయ్యాయి. అదే ఏడు సెప్టెంబర్ 21న బ్యాండ్ ముగిసిందని ప్రకటించారు. ఐదో ఆల్బమ్‌కీ ప్రకటనకీ మధ్య ఆర్నెల్లు. కళ కోసం కొనసాగారంటే నేను నమ్మలేను. వాళ్ళని తప్పుపట్టడం లేదు, మాటిచ్చారు, నిలబెట్టుకున్నారు. కానీ దానికి పెద్ద కారణాలు అంటగట్టక్కర్లేదు.

అట్లాంటా వాణి:
మాస్టారు గారూ, మీ తేదీలన్నీ సరైనవే. కానీ డబ్బే కారణమైతే చివరి ఆల్బమ్‌కి ఊరూరా తిరిగి కచేరీలు చేసేవాళ్ళు. ఆల్బమ్‌ల కంటే కచేరీలలోనే ఎక్కువ సంపాదించే కాలం అది. వాళ్ళు ఆ పర్యటనే పెట్టుకోలేదు. విడిపోయాక మళ్ళీ కలిసి ఒక పర్యటన చేస్తే వచ్చే సొమ్ము ఎంతో అందరికీ తెలుసు. ఆ దారీ పట్టలేదు. డబ్బు కోసం కాళ్ళీడ్చిన మనుషులు అలా చేయరు.

పాత క్యాసెట్ గారూ, మీ వాదనలో బెర్రీ గురించి చాలా ఉంది, బెర్రీ ఏం కోరుకున్నాడో మాత్రం లేదు. అది చెప్పడానికే రాస్తున్నాను.

1995 మార్చి 1న స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో కచేరీ మధ్యలో ఆయనకు తల పగిలిపోయే నొప్పి వచ్చింది. మెదడులో రక్తనాళం ఉబ్బి చిట్లింది. అక్కడే శస్త్రచికిత్స చేశారు. అదే పర్యటనలో మిల్స్‌కి పొట్టలో ఆపరేషన్, స్టైప్‌కి హెర్నియా ఆపరేషన్. అయినా మే నెలకల్లా బెర్రీ మళ్ళీ డ్రమ్స్ వెనక కూర్చున్నాడు. మిగిలిన పర్యటన పూర్తిచేశాడు. అదే పర్యటనలో, కచేరీల ముందు సౌండ్‌చెక్‌లలో, వేదికల మీద, ‘న్యూ అడ్వెంచర్స్’ చాలావరకు రికార్డయింది. అంటే చావు దాకా వెళ్ళొచ్చిన మనిషి ఇంకా రెండున్నరేళ్ళు స్నేహితుల కోసం ఉన్నాడు. తర్వాత ఇక చాలనుకున్నాడు. ఏథెన్స్ దగ్గర పొలం కొనుక్కుని గడ్డి పండించుకుంటూ బతకాలనుకున్నాడు.

వెళ్తానని చెప్పినప్పుడు ఆయన పెట్టిన షరతు ఒక్కటే. నా వల్ల బ్యాండ్ విడిపోయేట్టయితే నేను వెళ్ళను, ఉండిపోతాను అన్నాడు. ఈ ఒక్క మాట మీద ఆలోచించండి. మీరన్నట్టు ఆ రోజే పేరుకు స్వస్తి చెప్పి ఉంటే, అలసిపోయిన ఆ మనిషిని వాళ్ళు మళ్ళీ డ్రమ్స్ దగ్గర కూర్చోబెట్టినట్టే. లేదా బ్యాండ్‌ని చంపినవాడిననే భారం జన్మంతా ఆయన నెత్తిన పెట్టినట్టే. మూడో దారి ఒక్కటే, కొనసాగడం. స్నేహితుణ్ణి పంపించడానికి ముగ్గురూ చెల్లించిన ధర అది. పాత ప్రతిజ్ఞ కంటే ఎదురుగా ఉన్న మనిషి పెద్దవాడనుకున్నారు. నేనైతే ఆ నిర్ణయానికి దణ్ణం పెడతాను. తర్వాతి ఆల్బమ్‌లు బాగున్నాయా లేదా అన్నది వేరే చర్చ.

కృష్ణలంక కుర్రాడు:
వాణి గారి మాట పూర్తిగా కరెక్ట్. ఈ షరతు విషయం నాకు తెలీదు. నాకు ఆర్.ఇ.ఎం. అంటే ‘లూజింగ్ మై రిలిజియన్’ వీడియో ఒక్కటే, అది తీసింది జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్ అని తెలిసినప్పుడు మాత్రం భలే సంతోషమేసింది. డ్రమ్స్ అన్నయ్యా, ‘అప్’ ఇప్పుడే మొదలుపెడుతున్నా.

పాత క్యాసెట్:
వాణి గారూ, ఆ షరతు నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను. బెర్రీని పంపించాలి, సంగీతం ఆపకూడదు, రెండూ ఒప్పుకుంటాను. పేరు మార్చుకోవచ్చుగా? 1980లో పాడేవాడు చనిపోయాక జాయ్ డివిజన్‌లో మిగిలినవాళ్ళు న్యూ ఆర్డర్ అని కొత్త పేరు పెట్టుకున్నారు. ఆ పేరుతోనే అంతకంటే పెద్దవాళ్ళయ్యారు. అదే ఏడు డ్రమ్మర్ జాన్ బానమ్ పోతే, ఆయన లేకుండా మేం లేమని లెడ్ జెపెలిన్ ఆపేసింది. రెండూ మర్యాదగా ఉన్నాయి.

సంగీతం దగ్గరికే వద్దాం. ‘అప్’ అరవై నాలుగు నిమిషాలు. ‘ఆటోమేటిక్’ నలభై తొమ్మిది లోపే. పాట ఎక్కడ ఆగాలో చెప్పే మనిషి లేడని వింటుంటేనే తెలుస్తుంది. ‘రివీల్’ అంతా పొరల మీద పొరలు. ఇక ‘అరౌండ్ ద సన్’ గురించి పీటర్ బక్కే తర్వాత ఒప్పుకున్నాడు, ఆ పాటలతో విసిగిపోయి వాయించినట్టే ఉంటుంది, వినడం కష్టమని. వాయించినవాడే అలా అంటే నేను ఇంకేం కలపాలి? బెర్రీ ఉండుంటే ఆ ఆల్బమ్ బయటికి వచ్చేదా?

ఓరుగల్లు డ్రమ్స్:
నిడివి మాట తీసినవ్ గాబట్టి అడుగుతున్న. ‘న్యూ అడ్వెంచర్స్’ ఎన్ని నిమిషాలు? అరవై ఐదు. ‘అప్’ కంటే ఎక్కువ. అండ్ల బెర్రీ ఉన్నడు. అది నీకు నచ్చిన ఆల్బమ్ గూడ. కాబట్టి నిడివి సాక్ష్యం చెల్లదు.

లెడ్ జెపెలిన్ పోలిక గూడ కుదరదు. బానమ్ చచ్చిపోయిండు, ఆయనను అడిగే వీలు లేకుండె. బెర్రీ బతికున్నడు, నడుపుండ్రి అని చెప్పిండు. రెండింటికి నడుమ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా.

‘అరౌండ్ ద సన్’ గురించి నీతోని కొట్లాడ. కానీ అండ్ల లోపం డ్రమ్మర్ లేకపోవుడు కాదు. అప్పటికే బిల్ రీఫ్లిన్ వచ్చిండు. మినిస్ట్రీ అసొంటి గట్టి బ్యాండ్లతోని వాయించిన మనిషి, తర్వాత కింగ్ క్రిమ్సన్ బ్యాండ్‌ల చేరిండు, 2020ల పోయిండు. ఆయన చేతులల్ల ఏం తక్కువలేదు. తక్కువైంది ఏందంటే, నలుగురు ఒక గదిల ఎదురెదురుగ నిలబడి పాట కట్టే పద్ధతి. స్టూడియోల కూసోని ఒక్కొక్క వాయిద్యం ఎక్కించుకుంట పోతే ఊపు పోతది. అది వాళ్ళకే సమజయింది. 2007ల డబ్లిన్‌ల ఒలింపియా థియేటర్‌ల ఐదు రాత్రులు జనం ముందట కొత్త పాటలు సాధన చేసిండ్రు. మాటలు సరిగ్గ కుదరని పాటలు గూడ పాడి, ఏది నిలబడతదో జనంల చూసుకున్నరు. దాంట్లకెళ్ళే ‘యాక్సిలరేట్’ వచ్చింది. ముప్పై ఐదు నిమిషాలు. బక్ గిటార్ మళ్ళ ముంగటికి వచ్చింది. బెర్రీ లేకున్న వచ్చింది. వాళ్ళు 1997ల ఆపేస్తే గిది మనకు దక్కకపోయేది. మూడు కాళ్ళ కుక్క గూడ కుక్కే, పరుగు మాత్రం కొత్తగ నేర్చుకోవాలె అన్నట్టు స్టైప్ బెర్రీ పోయినప్పుడే అన్నడు. నేర్చుకునేసరికి పదేండ్లు పట్టింది, గంతే.

లెక్కల మాస్టారు:
వాణి గారి జవాబు చదివాను. చివరి ఆల్బమ్‌కి పర్యటన చేయలేదన్నది బలమైన మాట. కానీ ఐదు ఆల్బమ్‌ల లెక్క అలాగే ఉంది. ఒప్పందం లేకుంటే 2004 తర్వాతే ఆగిపోయేవాళ్ళని నా నమ్మకం.

అట్లాంటా వాణి:
2004 తర్వాత ఆగిపోవాలని వాళ్ళకు అనిపించి ఉండొచ్చు. ‘అప్’ తీసేటప్పుడే విడిపోయే దాకా వెళ్ళొచ్చారు. దాని అర్థం ఒప్పందం కట్టిపడేసిందని కాదు. అలాంటి ఒక ఆల్బమ్‌తో ముగించడం వాళ్ళకు ఇష్టం లేదని నేను అనుకుంటాను.

ఇక పేరు సంగతి. ఆ పేరు ఎవరిది? నలుగురిదీ. పాత క్యాసెట్ గారు చెప్పిన సూత్రమే ఇది, నలుగురిలో ఒక్కరు వద్దన్నా చెల్లదని. మరి బెర్రీ వద్దనలేదు కదా. 2003లో నార్త్ కరోలినాలో రాలీ నగరంలో కచేరీకి వచ్చి వాళ్ళతో వేదిక ఎక్కాడు. 2007లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నప్పుడు డ్రమ్స్ వెనక ఆయనే ఉన్నాడు. 2024 జూన్‌లో న్యూయార్క్‌లో సాంగ్‌రైటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్ సభలో నలుగురూ కలిసి ‘లూజింగ్ మై రిలిజియన్’ వాయించారు. ఆ పేరు చెడిపోయిందనుకున్న మనిషి అన్నిసార్లు ఆ పేరు కింద నిలబడడు.

ఏథెన్స్ మా ఇంటి నుంచి కారులో గంటన్నర. ఇప్పుడు అక్కడ యూనివర్సిటీలో మన తెలుగు పిల్లలు కూడా చదువుతున్నారు. ఆ పాత చర్చిలో మిగిలింది గోపురం ఒక్కటే. వీవర్ డీస్ అనే చిన్న హోటల్ నినాదమే ‘ఆటోమేటిక్’ ఆల్బమ్‌కి పేరయిందని అక్కడ అందరికీ తెలుసు. నలుగురూ ఆ ఊళ్ళో పెరిగిన బ్యాండ్‌గానే మిగిలారు. వీధిలో ఎదురుపడితే తల తిప్పుకునే పరిస్థితి వాళ్ళకు రాలేదు. ఎన్ని పెద్ద బ్యాండ్‌లు ఇలా చెప్పుకోగలవు? 1997లో వాళ్ళు తీసుకున్న నిర్ణయాన్ని కొలవాలంటే నేను ముందు అక్కడ చూస్తాను, ఆల్బమ్ రేటింగులలో కాదు.

పాత క్యాసెట్:
స్నేహం గురించి మీరు చెప్పింది కాదనను. బెర్రీకి మేలు జరిగింది, సంతోషం. కానీ నేను శ్రోతని. నా దగ్గరికి వచ్చేది వాళ్ళ స్నేహం కాదు, పాటలు. బెర్రీ ఒప్పుకున్నాడు కాబట్టి నా చెవి కూడా ఒప్పుకోవాలంటే ఎలా? ‘డ్రైవర్ 8’లో, ‘ఆరెంజ్ క్రష్’లో వినపడే ఆ ఉరుకు తర్వాతి ఐదింటిలో నాకు దొరకలేదు. ‘యాక్సిలరేట్’లో వేగం ఉంది, ఆ ఉరుకు లేదు. ‘న్యూ అడ్వెంచర్స్’ పక్కన పెట్టి వినగలిగే ఆల్బమ్ ఆ ఐదింటిలో ఒక్కటి చెప్పండి. పాట కాదు, ఆల్బమ్.

ఓరుగల్లు డ్రమ్స్:
‘అప్’. నాకైతే అనుమానమే లేదు. పాట మాటలన్నీ మొదటిసారి కవర్ లోపల అచ్చేసిండ్రు. డ్రమ్మర్ పోయిన ఇంట్ల ఆ ఖాళీని దాచకుంట, దాని మీదనే పాటలు కట్టిండ్రు. ‘వాక్ అన్‌అఫ్రెయిడ్’ రాత్రి పూట హెడ్‌ఫోన్స్‌ల విను అన్నా, రేపు మాట్లాడుదాం.

కృష్ణలంక కుర్రాడు:
నేను అక్కడిదాకా వచ్చేశాను. ఇంకోసారి వింటున్నా.