క్లాసిక్ 350లో లిఫ్టర్ పోయింది: ఇంజిన్ విప్పించాలా, మార్చాలా?

పాలకొల్లు బుల్లెట్:
2014 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, యూసీఈ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉండే) ఇంజిన్. వరద నీళ్లలో ఒక పూట సగం ఇంజిన్ దాకా మునిగింది. తర్వాత ఆయిల్ మార్చకుండానే తిరిగింది. ఇప్పుడు కుడివైపు నుంచి టకటకమని శబ్దం, వేడెక్కాక ఇంకా ఎక్కువవుతోంది. బండి లాగడం లేదు. ఆయిల్ దింపితే మజ్జిగలా ఉంది, అడుగున మెరిసే పొడి కనిపించింది. ఒక మెకానిక్ ఒక్క లిఫ్టర్ (వాల్వు తెరిచే పుష్ రాడ్డుని పైకి నెట్టే ముక్క) మారిస్తే చాలంటున్నారు, ఇంకొకాయన పాత ఇంజిన్ తెచ్చి ఎక్కించేద్దాం అంటున్నారు. ఏది మేలండి?

గట్టు రోడ్డు:
ముందు ఆ పొడి మీద అయస్కాంతం పెట్టండి. అతుక్కుంటే ఇనుము, అంటే లిఫ్టర్ కింద తిరిగే రోలరో, దాన్ని పైకి నెట్టే క్యామో అరిగి రాలుతోంది. అతుక్కోకపోతే అల్యూమినియం, అంటే పిస్టనో ఇంజిన్ కేసో. ఆయిల్ ఫిల్టర్ కాగితం కూడా కోసి, మడతలు విప్పి ఎండలో చూడండి.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే కాసేపు టిక్ టిక్ అని ఆగిపోతే కంగారు పడక్కర్లేదు. లిఫ్టర్‌లోకి ఆయిల్ ఎక్కేదాకా అలాగే ఉంటుంది. మీది వేడెక్కాక పెరుగుతోంది, పొడి కూడా వచ్చింది. నీళ్లు కలిసిన ఆయిల్‌కి రోలర్ మీద పొర నిలవదు, పైగా తుప్పు. రోలర్ తిరగడం మానేసి క్యామ్ మీద ఈడ్చుకుపోతుంది. క్యామ్ అరిగితే వాల్వు పూర్తిగా లేవదు. బండి లాగకపోవడం అందుకే.

లిఫ్టర్ ఒక్కటే మార్చొద్దండి. అరిగిన క్యామ్ మీద కొత్త రోలర్ ఎన్నాళ్లో ఉండదు. రెండు లిఫ్టర్లూ, రెండు క్యాములూ కలిపి మార్చండి. ఎగ్జాస్ట్ క్యామ్ మీద ఆటో డీకంప్రెషన్ (స్టార్ట్ చేసేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి తగ్గించే) ఏర్పాటు ఉంటుంది, దాని స్ప్రింగ్ చూసి తీసుకోండి. పుష్ రాడ్లు గాజు పలక మీద దొర్లించండి, ఎగిరితే వంగినట్టే. ఏది ఇన్‌లెట్‌దో ఏది ఎగ్జాస్ట్‌దో తీసేటప్పుడే గుర్తు పెట్టుకోండి.

లేతు షెడ్డు:
పై మాట నిజమే కానీ అక్కడితో ఆగకూడదు. ఈ ఇంజిన్‌లో గేర్లకీ క్లచ్చుకీ క్రాంకుకీ అంతా ఒకే ఆయిల్. రాలిన ఉక్కు పొడి పంపు గుండా అన్నిచోట్లకీ తిరిగింది. హెడ్డు, బోరు (సిలిండర్) మాత్రమే దించి సరిపెడితే కొన్నాళ్లకే బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్డు క్రాంకుని పట్టుకునే చోటి బేరింగ్) మోగుతుంది, అప్పుడు రెండోసారి విప్పుడు కూలీ.

కేసు రెండుగా విప్పాలి. ఆయిల్ పంపు రోటర్లకి గోరు తగిలే గీతలుంటే కొత్త పంపు వేయండి. కనెక్టింగ్ రాడ్డు పైకీ కిందకీ లాగితే ఏమాత్రం ఆట ఉన్నా క్రాంకు లేతుకి పంపాల్సిందే. ఆయిల్ దారులన్నీ కిరోసిన్‌తో కడిగి, కంప్రెసర్ గాలి కొట్టి, అవతలి కన్నం నుంచి గాలి వస్తోందో లేదో ఒక్కొక్కటీ చూడాలి. అడుగున స్ట్రైనర్ (ఆయిల్ జల్లెడ) మర్చిపోతారు, చాలామంది అక్కడే దెబ్బ తింటారు. ఆయిల్ సీళ్లు, ఓ రింగులు, గాస్కెట్లు అన్నీ కొత్తవే.

బోరు లోపలి వ్యాసం మామూలుగా 70 మిల్లీమీటర్లు. బోరింగ్ చేయించాల్సి వస్తే ఓవర్‌సైజ్ పిస్టన్ ముందు కొని లేతు ఆయన చేతికివ్వండి. పిస్టన్ కొలిచాకే బోరు కొట్టాలి, బోరు కొట్టాక పిస్టన్ వెతకడం కాదు.

పాలకొల్లు బుల్లెట్:
పాత ఇంజిన్ సంగతి?

గట్టు రోడ్డు:
ఇంజిన్ నంబర్ కేసు మీద ఉంటుంది, అదే ఆర్సీలో ఉంటుంది. ఇంజిన్ మారిస్తే ఆర్టీవో ఆఫీసులో కొత్త నంబర్ ఎక్కించాలి, ఇన్సూరెన్స్‌లో కూడా. దానికి అమ్మినవాళ్ల బిల్లూ కాగితాలూ కావాలి, అవి లేని ఇంజిన్ జోలికి పోవద్దు. పైగా మన వైపు వచ్చే పాత ఇంజిన్లలో నీట మునిగినవీ ఉంటాయి, విప్పకుండా తెలియదు. మీ కేసు పగలకపోతే అదే ఉంచుకుని లోపలివి మార్చుకోండి.

లేతు షెడ్డు:
బిగించేటప్పుడు ఒక్క చోట జాగ్రత్త. కొత్త లిఫ్టర్లు శుభ్రమైన ఆయిల్‌లో ముంచి, బుడగలు ఆగేదాకా లోపలి ప్లంజర్ నొక్కి వదలండి. అప్పటికీ బొటనవేలికి మెత్తగా దిగిపోతే అది పనికిరాదు. టైమింగ్ చుక్కలు కలిపాక పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్ పైకి తెచ్చి, రాకర్ (పుష్ రాడ్డు కదలికతో వాల్వుని నొక్కే చేయి) బోల్టులు కొంచెం కొంచెంగా బిగించండి. లిఫ్టర్ నిండుగా ఉంటే వాల్వుని తెరిచి పట్టుకుంటుంది. వెంటనే కిక్ కొడితే పుష్ రాడ్డు వంగొచ్చు. కనీసం అరగంట వదిలేసి, పుష్ రాడ్డు వేలితో తిరుగుతోందని చూశాకే క్రాంకు కదపండి.

తర్వాత ప్లగ్ తీసేసి కిక్ కొడుతూ రాకర్ల దగ్గరకి ఆయిల్ వచ్చిందని చూసి స్టార్ట్ చేయండి. ఆయిల్ 15డబ్ల్యూ50, జాసో ఎంఏ (ఆయిల్‌లో తడిసే క్లచ్చు ఉన్న బైకులకి పనికొస్తుందనే గుర్తు) ఉన్నదే వేయండి. కారు ఆయిల్ వేస్తే క్లచ్చు జారొచ్చు. మొదటి ఆయిల్, ఫిల్టర్ 50 కిలోమీటర్లకే పారబోయండి, రెండోది 500కి. రెండుసార్లూ అయస్కాంతం పెట్టి చూడండి. రెండోసారి కూడా పొడి అతుక్కుంటే బండి నడపకుండా మళ్లీ విప్పించండి.