నల్లమల అంచున పల్లి చేను: కరెంటు తీగ పెట్టకుండా అడవి పందుల్ని ఆపుడెట్లా?

చెలక రైతు:
అచ్చంపేట దగ్గర అడవి అంచుకు మూడెకరాల ఎర్రచెలక, యాసంగి పల్లి. విత్తిన వారంలోనే పందులు సాళ్ల వెంబడి గింజలు తవ్వి తింటున్నయి, కాయ ఊరేటప్పుడు మళ్లొస్తయి. చీరలు కట్టుడు అయిపోయింది, లాభం లేదు. కొందరు స్టార్టర్ డబ్బా నుంచి తీగ లాగుతున్నరు, నాకు ఇష్టం లేదు. సోలార్ కంచె నిజంగ పనిచేస్తదా? మూణ్నెల్లకే పందులు దూరుతున్నయంటున్నరు.

బఫర్ జోన్:
స్టార్టర్ తీగ జోలికి పోకండి. మీది అమ్రాబాద్ పులుల అభయారణ్యం పక్క చేను. ఆ తీగకు పందేదో చిరుతేదో తెలియదు. ఎలుగుబంటి, అలుగు, ఏదుపంది, మేతకొచ్చిన దుప్పి, తెల్లారుజామున మోటరు వేయబోయే మనిషి, ఏది తగిలినా అంతే. పంది పిల్లల్ని పట్టి తినే చిరుతను మనమే చంపుకుని, పందులు పెరిగాయని ఏడిస్తే ఎట్లా?

చట్టం సంగతి: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం ప్రాణం కాపాడుకోవడానికి చంపితే నేరం కాదు. పంట కోసం చంపితే ఆ మినహాయింపు లేదు, ముందే అధికారి అనుమతి ఉండాలి. పులి, చిరుత మొదటి షెడ్యూల్‌లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉన్నాయి. వాటిని చంపితే శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు. పిండిలో పెట్టే నాటుబాంబులు ఇంకా ఘోరం, ఊరి ఎడ్ల నోళ్లే పగులుతాయి.

కంచె పని:
సోలార్ కంచె పనిచేస్తుంది, సరిగ్గా కడితే. స్టార్టర్ తీగలో లైను కరెంటు ఆగకుండా పారుతుంది. కండరాలు బిగుసుకుపోయి తగిలినది తీగను వదిలించుకోలేదు. సోలార్ కంచెకు కరెంటును దెబ్బలు దెబ్బలుగా పంపే డబ్బా, అంటే ఎనర్జైజర్, ఎనిమిది తొమ్మిది వేల వోల్టులిచ్చినా సెకనుకు ఒక్క దెబ్బే, అదీ సెకనులో నూరో వంతు కూడా ఉండదు. కొట్టి వదిలేస్తుంది. ఎనర్జైజర్ లేకుండా ఇన్వర్టర్‌ను నేరుగా తీగకు కలిపే నాటు సెట్లు మాత్రం కొనకండి, అవీ చంపేవే.

పందికి కింది తీగే ముఖ్యం. నేల నుంచి 20, 45, 75 సెంటీమీటర్ల ఎత్తులో మూడు తీగలు. వీపు బొచ్చుకు తగిలితే అది లెక్కచేయదు, తడి మూతికి తగలాలి. కింది తీగ 30 దాటిందంటే నేల తవ్వుకుంటూ దూరిపోతుంది. గుంజలు నాలుగైదు మీటర్లకొకటి, పల్లం ఉన్నచోట అదనంగా ఒకటి. చేను పక్కన వాగు ఉంటే దాన్ని కంచెలో కలపొద్దు. జంతువులు నీళ్లకు పోయే దారి మూస్తే అవి కంచెనే తెంపుతాయి.

చెలక రైతు:
మరి మూణ్నెల్లకు ఎందుకు ఫెయిలవుతది? పక్క చేన్ల మీటర్ పెడితే 2 వేల వోల్టులే చూపెట్టింది.

కంచె పని:
ఎక్కువగా రెండు కారణాలు, గడ్డి, ఎర్త్. 4 వేల వోల్టుల కంటే తగ్గితే పంది ఆగదు. ముందు కంచె తీగ విప్పి ఎనర్జైజర్ దగ్గరే కొలవండి. అక్కడా తక్కువుంటే బ్యాటరీ, లేదా ప్యానెల్ మీద దుమ్ము. అక్కడ బాగుంటే తీగకు గడ్డో, పగిలిన ఇన్సులేటరో తగులుతోంది. వారానికోసారి కింది తీగ వెంట గడ్డి కోయాల్సిందే.

ఎర్త్‌కు మీటరున్నర పొడవు జీఐ (జింకు పూత ఇనుప) రాడ్లు మూడు, ఒక్కోటి మూడు మీటర్ల దూరంలో దిగ్గొట్టాలి. ఎర్రచెలక ఫిబ్రవరికల్లా ఎండి కరెంటును నేలలోకి తీసుకోదు, అందుకే అప్పుడే ఫెయిలవుతుంది. రాడ్ల మొదట్లో నీళ్లు పోయాలి. పరీక్ష: వంద మీటర్ల అవతల ఇనుప కడ్డీలు తీగకానించి నేలకు షార్ట్ చేసి, ఎర్త్ రాడ్ మీద కొలవండి. 300 వోల్టులు దాటితే ఇంకో రాడ్ కావాలి.

కుసుమ గట్టు:
చేను చుట్టూ నాలుగు వరుసలు కుసుమ దగ్గరదగ్గరగా వేయండి. ముళ్లకు పంది వెనక్కు తగ్గుతుంది, గింజ కూడా చేతికొస్తుంది. కాకపోతే ముల్లు గట్టిపడటానికి రెండు నెలలు పడుతుంది. కాయ దశకు పనికొస్తుంది కానీ విత్తిన గింజను కాపాడదు. విత్తిన మొదటి రెండు వారాలు మంగలి షాపులోని వెంట్రుకలు గట్టు మీద పలుచగా చల్లండి, మూతికెక్కి చికాకు పెడతాయి. వాన పడితే మళ్లీ చల్లాలి. మొక్కజొన్నకైతే కుసుమ కన్నా ఆముదం మేలు.

బఫర్ జోన్:
ఈసారి పోయిన సాళ్లను వెంటనే దున్నెయ్యకండి. తవ్విన గుంతలు, గిట్టల గుర్తులు ఫొటోలు తీసి అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు, ఏఈవోకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) అదే రోజు చెప్పండి. వాళ్లు వచ్చి చూసి రాసుకుంటేనే పరిహారం ఫైలు కదులుతుంది.