విడి ఆకు టీ, మూలికల టీలు: హైదరాబాద్‌లో ఎక్కడ కొంటున్నారు, ఎలా పెట్టుకుంటున్నారు?

కొండాపూర్ కోడలు:
మా ఇంట్లో పొద్దున్నే చిక్కటి పాల టీ పడాల్సిందే. మామగారికి షుగర్ బయటపడ్డాక డాక్టర్ చక్కెర మానేయమన్నారు. చక్కెర లేని పాల టీ ఆయనకు అస్సలు సహించడం లేదు. పాలు, చక్కెర రెండూ అక్కర్లేని టీ ఏదైనా అలవాటు చేద్దామని చూస్తున్నాను. సూపర్‌మార్కెట్ గ్రీన్ టీ బ్యాగులు తెస్తే ఒక గుక్క తాగి పక్కన పెట్టేశారు. మొన్న మా ఆడపడుచు డార్జిలింగ్ వెళ్లి ఒక ప్యాకెట్ తెచ్చింది. ప్యాకెట్ విప్పితే పూల వాసన, పొయ్యి మీద మరిగించి కప్పులో పోస్తే ఒట్టి వగరు. ఆకు మంచిది కాదా, పెట్టే పద్ధతే వేరా? ఇక్కడ మంచి విడి ఆకు ఎక్కడ దొరుకుతుంది? మందార టీ, కామొమైల్ (ఒక రకం ఎండు పూల టీ) అంటున్నారు, అవి తాగుతున్నవాళ్లు కూడా చెప్పండి.

నీలగిరి రైలు:
ఆకు తప్పేం లేదండీ. డార్జిలింగ్ ఆకును పొయ్యి మీద మరిగిస్తే వగరే మిగులుతుంది. నీళ్లు విడిగా కాచి, దించి, ఆకు మీద పోసి, మూత పెట్టి వదిలేయాలి. 200 మి.లీ. కప్పుకి 2 నుంచి 2.5 గ్రాముల ఆకు సరిపోతుంది. చెంచా లెక్క నమ్మకండి, పొడుగాకు చెంచాలో కొంచెమే పడుతుంది, అదే పొడి అయితే చెంచాకి రెట్టింపు బరువు తూగుతుంది. వంటింటి డిజిటల్ త్రాసు ఉంటే మొదట్లో తూచి చూసుకోండి, తర్వాత చేతికే తెలుస్తుంది.

మీ ప్యాకెట్ మీద ఫస్ట్ ఫ్లష్ అని ఉందా? ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా కోసే లేత ఆకు అది. 85-90 డిగ్రీల నీళ్లు, 3 నిమిషాలు. మే, జూన్ నెలల్లో కోసే సెకండ్ ఫ్లష్ అయితే, లేదా అస్సాం పొడుగాకు అయితే, బాగా మరిగిన నీళ్లే పోయొచ్చు, 4 నిమిషాలు. గ్రీన్ టీకి మాత్రం 75-80 డిగ్రీలు దాటొద్దు, 2 నిమిషాలు చాలు. థర్మామీటర్ లేకపోయినా పర్వాలేదు. మరిగిన నీళ్లను చల్లటి స్టీలు గిన్నెలోకి ఒకసారి ఒంపితే సుమారు పది డిగ్రీలు దిగుతాయి. గ్రీన్ టీకి రెండుసార్లు ఒంపండి.

ఎందుకంటే, వగరుకి, చేదుకి కారణమయ్యే కాటెకిన్లు, కెఫీన్ వేడి పెరిగేకొద్దీ బాగా దిగుతాయి. నాలుక మీద తీయగా తగిలే థియనైన్ తక్కువ వేడికే దిగిపోతుంది. మీ మామగారు వద్దన్న గ్రీన్ టీ కూడా మరిగే నీళ్లలో బ్యాగు వదిలేసినదే అయ్యుంటుంది. పైగా మామూలు బ్యాగుల్లో ఉండేది ఆకు జల్లించాక మిగిలే నూక, పొడి. రంగు అర నిమిషంలో వచ్చేస్తుంది, వగరూ అంతే.

వడకట్టిన ఆకును పారేసే ముందు ఒకసారి తెల్ల పళ్లెంలో వేసి విప్పి చూడండి. ఎండినప్పుడు పుల్లలా ఉన్నది విచ్చుకుని రెండాకులు, మొగ్గ ఒకే కాడకి కనిపిస్తాయి. ఫస్ట్ ఫ్లష్‌లో ఆకుపచ్చ పోకుండా అంచులు మాత్రం రాగి రంగులో ఉంటాయి. అన్నీ ముక్కలే, కాడలే కనిపిస్తే ఈసారి ఆ కొట్టు మార్చేయండి.

బోరు నీళ్ల బాధితుడు:
అందరూ ఆకు గురించే మాట్లాడతారు. హైదరాబాద్‌లో మొదట అడగాల్సింది "మీ ఇంట్లో ఏం నీళ్లు?" అని. మాది మియాపూర్ దగ్గర అపార్ట్‌మెంట్, ఎండాకాలం వస్తే పూర్తిగా బోరు, ట్యాంకరే. ఆ నీళ్లతో బ్లాక్ టీ పెడితే రెండు నిమిషాల్లో పైన మెరిసే తెట్టు కడుతుంది. చెంచాతో కదిపితే ముక్కలుగా విడిపోయి కప్పు అంచుకి గోధుమరంగు గీతలా అంటుకుంటుంది. కప్పు సరిగ్గా కడగలేదని ఇంట్లో గొడవ కూడా అయింది. అది కప్పు మురికి కాదు, నీళ్లలోని కాల్షియం టీలోని పాలీఫినాల్స్‌తో కలిసి కట్టే పొర. వాసనని కూడా అదే మింగేస్తుంది.

అదే ఆకుని బంజారాహిల్స్‌లో మా అక్క వాళ్లింట్లో కృష్ణా నీళ్లతో పెడితే రంగు తేటగా, వాసన వేరేగా వచ్చింది. అందుకని ఆర్‌ఓ నీళ్లతో పెట్టి చూశాను. తెట్టు పోయింది కానీ రుచి చప్పగా ఉంది, ఎందుకంటే మా మెషీన్ లవణాలన్నీ దాదాపు పీకేస్తుంది. ఇప్పుడు మూడొంతులు ఆర్‌ఓ, ఒక వంతు కాచి వడకట్టిన కుళాయి నీళ్లు కలుపుతున్నా, బాగుంటోంది. నిమ్మరసం రెండు చుక్కలు వేసినా తెట్టు కరుగుతుంది, రంగు కూడా లేతబడుతుంది. కాకపోతే డార్జిలింగ్‌లో నిమ్మకాయ పిండితే ఇక నిమ్మకాయే తాగుతున్నట్టు.

నాలుగు వేలు పెట్టి గాజు టీపాట్ కొనేముందు, ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా ఒకటి తెచ్చి అదే ఆకుతో పోల్చి చూడండి.

చాయ్ పిచ్చోడు:
ఇంత టెన్షన్ పడి తాగితే టీ ఏం రుచిగా ఉంటది అన్నా? చార్మినార్ దగ్గర నిలబడి ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని ఇరానీ చాయ్ తాగేటోళ్లు డిగ్రీలు కొలుస్తున్నరా?

నీలగిరి రైలు:
నేనూ తాగుతా తమ్ముడూ, వదిలేయమని ఎవరన్నారు. ఇరానీ చాయ్‌కి డికాషన్ గంటలకొద్దీ సన్నటి సెగ మీద ఉంటుంది, పాలు విడిగా చిక్కగా మరుగుతాయి. దానికి సీటీసీ పొడే కావాలి. ఆకును నలిపి, చీల్చి, గోళీల్లా చుట్టే ఆ యంత్రం 1930ల్లో అస్సాంలో పుట్టింది, పాలకీ చక్కెరకీ తట్టుకునే గట్టి డికాషన్ దానితోనే వస్తుంది. పాలలో వేయడానికి ఫస్ట్ ఫ్లష్ కొనేవాళ్లని చూస్తేనే నాకు బాధ. ఇక్కడ సంగతి వేరు, ఆవిడ మామగారికి పాలూ చక్కెరా లేకుండా కావాలి.

బేగంబజార్ బేరగాడు:
కొనడం గురించి నాకు తెలిసింది. రోజూ పాల టీకి అయితే బేగంబజార్, మోండా మార్కెట్ లాంటి చోట్ల హోల్‌సేల్ కొట్లే నయం, గోనె సంచిలోంచి తీసి చేతిలో పోసి చూపిస్తారు. పొడుగాకు కోసమైతే అక్కడ అంత నమ్మకం పెట్టుకోవద్దు. అదృష్టం బాగుంటే నీలగిరి ఆకు తాజాగా దొరుకుతుంది, లేకపోతే పోయినేటి సరుకు. ఒక పేరున్న కొట్లో "డార్జిలింగ్" అని రాసిన డబ్బాలోది ఏ తోటదని అడిగితే, "డార్జిలింగ్‌దే సార్" అన్నాడు. ఇంకోసారి అడిగితే మొహం చిట్లించాడు. దణ్ణం పెట్టి వచ్చేశా.

డార్జిలింగ్ టీకి మన దేశంలో మొదటి భౌగోళిక గుర్తింపు 2004లో వచ్చింది. ఆ పేరు వాడుకునే హక్కున్న తోటలు 87 మాత్రమే. ప్యాకెట్ మీద చేతిలో ఆకు పట్టుకున్న స్త్రీ ముఖం గుర్తు, తోట పేరు, కోసిన నెల లేదా ఫ్లష్, ఈ మూడూ చూడండి. ఇవి లేకుండా చౌకగా ఇస్తున్నారంటే నేపాల్ ఆకు కలిసి ఉండొచ్చు. నేపాల్ ఆకు చెడ్డదని కాదు, అందులో చాలా బాగుండేవి ఉన్నాయి. ఆ పేరుతోనే అమ్మితే ఆనందంగా కొంటాను.

ఎస్‌ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ లాంటి పొడుగాటి అక్షరాలు చూసి మురిసిపోకండి. అవి ఆకు సైజు, మొగ్గల పాళ్లు చెప్తాయి, రుచికి హామీ కావు. నేనైతే తోటల నుంచి నేరుగా పంపేవాళ్ల దగ్గర ఆన్‌లైన్‌లోనే, ఎప్పుడూ 50 గ్రాములు, 100 గ్రాములే తెప్పిస్తాను. 100 గ్రాములు 600 అనుకున్నా 2.5 గ్రాముల చొప్పున 40 కప్పులు, కప్పు 15 రూపాయలు. అదే ఆకుతో రెండోసారి కూడా పెట్టుకోవచ్చు, ఊలాంగ్ (గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్య రకం) అయితే మూడోసారి కూడా. ఖరీదైన అలవాటని భయపడేవాళ్లకి ఈ లెక్క. గువాహటి వేలంలో 2021లో మనోహరి గోల్డ్ కిలో 99,999 పలికింది, అలాంటివి పేపర్లో చదువుకోవడానికే.

ఊటీ, కూనూర్ వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే డిసెంబర్, జనవరి మంచు కాలంలో కోసిన ఫ్రాస్ట్ టీ తెమ్మనండి. వగరు తక్కువ, వాసన ఎక్కువ. పాలు లేకుండా మొదలుపెట్టేవాళ్లకి దానికి మించింది లేదని నా అభిప్రాయం.

అల్వాల్ పెరడు:
మూలికల వాటికి కొట్టుకెళ్లేముందు పెరట్లోకి వెళ్లండి. నిమ్మగడ్డి కుండీలో కూడా గుబురుగా వస్తుంది. రెండు ఆకులు ముడివేసి కొంచెం దంచి, మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు. వీటికి డిగ్రీల బాధ లేదు, బాగా మరిగినవే పోయాలి. తులసి, పుదీనా, అల్లం అందరికీ తెలిసినవే. శంఖుపుష్పం ఎండబెట్టి వేస్తే నీలం, నిమ్మరసం పడగానే ఊదా. రుచి పెద్దగా ఉండదు, పిల్లలకి సరదా. నిమ్మగడ్డితో కలిపితేనే తాగబుద్ధవుతుంది.

మందార టీ గురించి ఒక మాట. బయట హైబిస్కస్ టీ అని అమ్మే పుల్లటి ఎర్ర టీ మన ఇంటిముందు మందారం కాదు. అది రోజెల్లా, అంటే మన గోంగూర జాతి. పువ్వు రాలాక కాయ చుట్టూ కండగా మిగిలే ఎర్రటి రేకులు ఎండబెట్టినవి. మా పెరట్లో ఎర్ర గోంగూర మొక్కలు కొన్ని కోయకుండా వదిలేస్తాను, చలికాలానికి కాయలు పడతాయి. కాయ అడుగున కత్తితో గుండ్రంగా గాటు పెట్టి గింజల గుండును వెనకనుంచి నెట్టేస్తే రేకులు గిన్నెలా ఊడి వస్తాయి. వేళ్లు ఎర్రబడతాయి, జాగ్రత్త. నీడలో గలగలలాడేదాకా ఎండబెట్టి సీసాలో పోస్తే చాలు. చిన్న దాల్చినచెక్క ముక్క వేసి కాస్తే చల్లార్చి కూడా తాగొచ్చు, మే నెలలో బ్రహ్మాండం.

కొనాలంటే బేగంబజార్, మీరాలం మండీ వైపు మూలికల దుకాణాల్లో ఎండు గులాబీ రేకులు, అతిమధురం, సోంపు అన్నీ దొరుకుతాయి. గులాబీ రేకులు తినడానికి వాడేవే అడగండి, అలంకరణకి అమ్మేవి వేరు.

మందుల షాపు:
మూలికలు కదా అని అన్నీ కలిపి తాగేవాళ్లు రోజూ మా కౌంటర్ దగ్గరికి వస్తుంటారు. అతిమధురం రోజూ తాగితే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. బీపీ ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. రోజెల్లా ఉల్టా, బీపీ కొంచెం తగ్గిస్తుంది, మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌కి చెప్పాలి. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కామొమైల్ అడక్కుండా మొదలుపెట్టొద్దు. "స్లిమ్మింగ్ టీ" ప్యాకెట్ వెనక చదవండి, చాలావాటిలో సునాముఖి ఉంటుంది. తగ్గేది కొవ్వు కాదు, విరేచనాలు.

మామూలు టీ, గ్రీన్ టీ ఏదైనా భోజనంతో పాటు తాగితే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. రక్తం తక్కువున్న ఆడవాళ్లు తిన్నాక గంట ఆగి తాగండి. కోడలుగారూ, మీ మామగారికి ఏ టీ పెట్టినా షుగర్ మాత్రలు మాత్రం ఆపనివ్వకండి. ఐస్ టీ, లెమన్ టీ ప్రీమిక్సులు కొనేముందు లేబుల్ చూడండి, చాలావాటిలో మొదటి పేరు చక్కెరే.

రాత్రి డ్యూటీ:
గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్. తెల్లారి ఇంటికొచ్చాక వెచ్చగా ఏదైనా తాగాలి, కానీ నిద్ర చెడకూడదు. గ్రీన్ టీ మంచిదంటున్నారు?

అల్వాల్ పెరడు:
వద్దు నాయనా, గ్రీన్ టీలోనూ కెఫీన్ ఉంటుంది. నిమ్మగడ్డో కామొమైలో తాగి పడుకో.

బేగంబజార్ బేరగాడు:
దాచడం గురించి ఎవరూ చెప్పలేదు. పక్కన ఏ వాసన ఉంటే టీ ఆకు దాన్ని పీల్చుకుంటుంది. మల్లెల టీ చేసేదే ఆ గుణంతో, ఆకుని పూలతో కలిపి రాత్రంతా ఉంచుతారు. మన వంటింట్లో పోపుల డబ్బా పక్కన పెడితే వచ్చేది ఇంగువ టీ. వెలుతురు తగలని బిగుతు మూత డబ్బా, పొయ్యికి దూరంగా. ఫ్రిజ్‌లో వద్దు, బయటికి తీసినప్పుడల్లా చెమ్మ పడుతుంది, వానాకాలంలో మరీను.

ఇంకోటి, పాల టీకి కొనే విడి పొడిలో రంగు కలిపారేమోనని అనుమానం ఉంటే తెల్ల టిష్యూ మీద చిటికెడు పొడి పరిచి, నీళ్లు చిలకరించి, పొడి తీసేసి చూడండి. పసుపో నారింజో చారలు పాకితే రంగే. పొడి మీద అయస్కాంతం తిప్పితే ఇనుప రజను ఉంటే అంటుకుంటుంది.

కొండాపూర్ కోడలు:
అందరికీ చాలా థాంక్సండీ. ఆడపడుచు తెచ్చిన ప్యాకెట్ మీద ఫస్ట్ ఫ్లష్ అనే ఉంది, ఆడమనిషి గుర్తూ ఉంది. డబ్బా నీళ్లు కాచి, ఒకసారి ఒంపి, మూడు నిమిషాలు పెట్టాను. మామగారు "రంగే లేదేంటమ్మా" అన్నారు గానీ కప్పు ఖాళీ చేశారు. సాయంత్రం పాల టీ మాత్రం వదలనంటున్నారు. సాయంత్రానికి రంగు, ఘాటు కొంచెం ఉండేది చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటారేమో.

నీలగిరి రైలు:
రంగే కావాలంటే అస్సాం సెకండ్ ఫ్లష్ పొడుగాకు పెట్టండి. రాగి రంగు వస్తుంది, ఒక యాలక్కాయ దంచి వేసినా తట్టుకుంటుంది. 4 నిమిషాలు, 5 దాటనివ్వొద్దు.

బోరు నీళ్ల బాధితుడు:
నేను వచ్చే వారం అస్సాం తోట నుంచి 250 గ్రాములు తెప్పిస్తున్నా, ఇంట్లో తాగేది నేనొక్కణ్ణే. కొండాపూర్, మియాపూర్ వైపు వాళ్లు 50 గ్రాముల చొప్పున పంచుకుంటామంటే చెప్పండి, ఖాళీ డబ్బా ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఇంగువ వాసన లేనిది.